దస్తావేజు వేరు, హక్కు వేరు
భూమి రిజిస్ట్రేషన్‌లోకి కంప్యూటర్ వచ్చిన కథ

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తార్‌బహార్ అనే పేట ఉంది. ఆ హిందీ పేరును విడదీస్తే 'తీగకు వెలుపల' అనే అర్థం వస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతం మీదుగా పట్టాలు వేసినప్పటి నుంచి కొలువుల కోసం అనేక ప్రాంతాల వారు ఈ ఊరికి చేరారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. 1931లో రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ మధ్య రాకపోకలు సులువయ్యాయి.

రైల్వే క్వార్టరులో కాపురం ఉన్నంతకాలం 'ఈ నేల ఎవరిది?' అన్న ప్రశ్న పుట్టదు. అది రైల్వే వారిది. ఉద్యోగ విరమణ చేసి, క్వార్టరు ఖాళీ చేసి, జీవితమంతా కూడబెట్టిన ప్రావిడెంట్ ఫండ్ సొమ్ముతో తీగకు వెలుపల ఒక స్థలం కొన్ననాడు ఆ ప్రశ్న మొదటిసారి ఎదురవుతుంది. సొమ్ము చెల్లించాక చేతికి వచ్చేది ముద్రలు వేసిన కొన్ని కాగితాలు. వాటిని బీరువాలో భద్రంగా దాచుకుంటాం. స్థలం మనదే అనడానికి అవే తిరుగులేని రుజువని నమ్ముతాం. ఆ కాగితాలు నిజానికి ఏం చెబుతాయి? ఆ వ్యవహారంలోకి కంప్యూటర్ ప్రవేశించాక ఏం మారింది, ఏం మారలేదు? చూద్దాం.

సబ్ రిజిస్ట్రార్ ఏం చూస్తారు?

స్థలం బిలాస్‌పూర్‌లో కొన్నా, శ్రీకాకుళంలో కొన్నా వర్తించే ముఖ్యమైన కేంద్ర చట్టాలు రెండు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిని రిజిస్టరైన దస్తావేజు ద్వారానే అమ్మాలి. (ఆ 100 రూపాయల హద్దు నేటికీ అలాగే ఉంది. ఆ సొమ్ముకు ఇప్పుడు పొలం మాట అటుంచి, గట్టు మీది మట్టి కూడా రాదు.) ఇక 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆ పని ఎలా జరగాలో వివరిస్తుంది.

దస్తావేజు రాసి సంతకం చేసిన నాటి నుంచి నాలుగు నెలల లోపు సబ్ రిజిస్ట్రార్ ఎదుట దాఖలు చేయాలి. ఆయన కొన్ని విషయాలు పరిశీలిస్తారు. రాసి ఇచ్చిన వ్యక్తి స్వయంగా వచ్చారా? 'ఇది నేనే రాసి ఇచ్చాను' అని ఒప్పుకుంటున్నారా? ఆ మనిషిని గుర్తుపట్టే సాక్షులు ఉన్నారా? స్టాంపు సుంకం సరిపోయిందా? ఆస్తిని గుర్తించడానికి చాలినంత వివరం, అంటే చెక్కుబందీ, సర్వే నంబరు, విస్తీర్ణం వంటివి ఉన్నాయా? ఇవన్నీ సరిగా ఉంటే దస్తావేజు రిజిస్టరవుతుంది.

ఈ జాబితాలో లేని ప్రశ్న ఒకటుంది. అమ్ముతున్న మనిషి ఆ భూమికి నిజంగా యజమానేనా? దీన్ని సబ్ రిజిస్ట్రార్ తేల్చరు. తేల్చే అధికారాన్ని చట్టం ఆయనకు ఇవ్వలేదు. అమ్మేవారు తమ హక్కును రుజువు చేసే పాత దస్తావేజు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని తమిళనాడు ఒక నియమం పెట్టుకోగా, 2025 ఏప్రిల్‌లో కె. గోపి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. హక్కు ఉందా లేదా అని విచారించడం రిజిస్టరింగ్ అధికారి పని కాదని స్పష్టం చేసింది.

అంటే మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు. ఫలానా తేదీన ఫలానా వారు ఫలానా భూమిని అమ్మినట్లు రాసి ఇచ్చారన్న సంగతికి అది సాక్ష్యం. అమ్మినవారికి హక్కు ఉంటేనే కొన్నవారికి హక్కు వస్తుంది. ఆ అమ్మినవారికి ఎలా వచ్చింది? అంతకు ముందువారి దస్తావేజు వల్ల. వారికెలా వచ్చింది? ఇలా ఒకదానికొకటి ముడిపడిన 'లింకు దస్తావేజులు' వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోవాలి. ఈ గొలుసులో ఎక్కడ ఒక కొక్కెం ఊడినా చివరన ఉన్న కుటుంబం కోర్టు మెట్లు ఎక్కవలసిందే.

ఐదు పుస్తకాలు, నాలుగు సూచికలు

1908 చట్టం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కొన్ని పుస్తకాలు ఉంచాలని నిర్దేశించింది. స్థిరాస్తి దస్తావేజులన్నీ 1వ పుస్తకంలోకి ఎక్కుతాయి. రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే ఆ కారణాలు 2వ పుస్తకంలోకి, వీలునామాలు 3వ పుస్తకంలోకి, ఇతర దస్తావేజులు 4వ పుస్తకంలోకి వెళతాయి. సీలు వేసిన కవరులో భద్రపరచమని ఇచ్చే వీలునామాల వివరాలకు జిల్లా రిజిస్ట్రార్ల వద్ద 5వ పుస్తకం ఉంటుంది.

'ఎక్కడం' అంటే ఆ రోజుల్లో అక్షరాలా చేత్తో రాయడమే. నకలు గుమాస్తా పక్కన దస్తావేజు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా బౌండు పుస్తకంలోకి ఎక్కించేవారు. మరొకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూసేవారు. ఈ నకలు పూర్తయ్యాకే అసలు దస్తావేజు మీద పుస్తకం సంఖ్య, సంపుటం, పేజీలు, దస్తావేజు నంబరు వేసి కొన్నవారికి తిరిగి ఇచ్చేవారు. కార్యాలయంలో పని రద్దీని బట్టి దీనికి రోజులు పట్టేది.

దస్తావేజు దాఖలు చేయడం కష్టమైతే, పాతదాన్ని వెతకడం అంతకంటే కష్టం. అందుకోసం చట్టం సూచికలు, అంటే ఇండెక్సులు ఏర్పాటు చేసింది. 1వ ఇండెక్సు మనుషుల పేర్ల వారీగా, 2వ ఇండెక్సు ఆస్తుల వారీగా ఉంటుంది. ఒక సర్వే నంబరు మీద గత 13 ఏళ్ళలో ఏయే లావాదేవీలు జరిగాయో చెప్పమని అడిగితే, గుమాస్తా 13 సంవత్సరాల ఇండెక్సులు ఒక్కొక్కటే దించి, ఆ గ్రామం పేజీలు తిప్పి, ఆ నంబరు కనిపించిన చోటల్లా రాసుకోవాలి. అలా తయారయ్యేదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. జనం దాన్ని క్లుప్తంగా 'ఈసీ' అంటారు. స్వాధీనం కోసం దావా వేయడానికి కాలపరిమితి 12 సంవత్సరాలు కనుక దాన్ని దాటించి 13 ఏళ్ళకు ఈసీ అడగడం ఆనవాయితీ.

ఆ పుస్తకాలకు చెదలు పట్టేవి, చెమ్మ తగిలేది. పేజీలు పెళుసుబారి విరిగేవి. వాటి మధ్య నుంచి ఒక ఎంట్రీని త్వరగా వెతికి ఇవ్వాలా, తాపీగా వెతికి ఇవ్వాలా అన్నది గుమాస్తా చేతిలో ఉండేది. లంచానికి చోటు దొరికేది సరిగ్గా అక్కడే.

1998 నవంబరు 4

ఈ స్థితిని మార్చడానికి దేశంలో రాష్ట్రవ్యాప్తంగా జరిగిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయింది. 'కంప్యూటర్ ఎయిడెడ్ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్' అనే పొడుగాటి పేరుకు పొట్టి రూపం 'కార్డ్'. ఐ.ఏ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ దీని రూపకర్త. 1996లో పని ప్రారంభమై, 1998 నవంబరు 4న 200కు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ఒకేసారి అమలులోకి వచ్చింది. తర్వాత మిగిలిన కార్యాలయాలకూ విస్తరించింది.

కార్డ్ మూడు పనులను యంత్రానికి అప్పగించింది. మొదటిది, విలువ కట్టడం. ఏ గ్రామంలో, ఏ వీధిలో ప్రభుత్వం నిర్ణయించిన ధర ఎంతో కంప్యూటర్‌లోనే ఉంటుంది కనుక స్టాంపు సుంకం లెక్క వెంటనే వచ్చేస్తుంది. రెండవది, నకలు. చేత్తో రాయడానికి బదులు దస్తావేజును స్కానర్ మీద పెట్టి బొమ్మగా భద్రపరుస్తారు. గంటల్లోనే అసలు దస్తావేజును తిరిగి ఇవ్వడం సాధ్యమైంది. మూడవది, వెతకడం. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే.

చేతిరాత ఇండెక్సులో సమాచారం ఒకే వరుసలో ఉంటుంది. సంవత్సరం, అందులో గ్రామం, అందులో సర్వే నంబరు. మరో వరుసలో కావాలంటే మరో ఇండెక్సు రాసుకోవాలి. డేటాబేస్‌లో అలా కాదు. ఒక్కసారి ఎక్కించిన వివరాలను సర్వే నంబరును బట్టి, పేరును బట్టి, తేదీని బట్టి, ఎలా కావాలంటే అలా వెతకవచ్చు. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లోకి దిగింది.

అయితే కంప్యూటర్‌కు తనలో ఎక్కించనిది తెలియదు కదా! అందుకని వెనుకటి 15 ఏళ్ళ వివరాలను ఇండెక్సుల నుంచి ఎత్తి కొత్తగా టైపు చేశారు. 1998 నుంచి 15 ఏళ్ళు వెనక్కి వెళితే 1983. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచే మొదలు కావడానికి మూలం ఇక్కడుంది. ఆ తేదీకి భూమి చరిత్రలో ప్రత్యేకత ఏమీ లేదు. టైపు చేయడం ఎక్కడ ఆపారన్నదే దాని అర్థం.

చట్టం ఈ మార్పును కాస్త ఆలస్యంగా అందుకుంది. 2001లో పార్లమెంటు రిజిస్ట్రేషన్ చట్టానికి 16-ఎ సెక్షన్ చేర్చి, పుస్తకాలను 'ఫ్లాపీలు, డిస్కెట్లు' లేదా మరే ఎలక్ట్రానిక్ రూపంలోనైనా ఉంచవచ్చని అనుమతించింది. ఫ్లాపీ అంటే ఏమిటో ఈనాటి విద్యార్థులకు చూపించాలంటే ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళాలి. 1వ పుస్తకం మాత్రం శతాబ్దానికి పైగా నిలిచింది! దస్తావేజుకు ఇరుపక్షాల ఫొటోలు, వేలిముద్రలు జతచేయాలన్న 32-ఎ సెక్షన్ కూడా అదే ఏడాది వచ్చింది. ఒకరి పేరుతో మరొకరు వచ్చి భూమి అమ్మేయడాన్ని అరికట్టడం దాని ఉద్దేశం.

కార్డ్ వల్ల దస్తావేజు లేఖరులు గానీ, మధ్యవర్తులు గానీ మాయం కాలేదు. వేగం పెరిగినా ఆమ్యామ్యాలు తగ్గలేదని జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు 2004లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో విమర్శించారు.

యంత్రం కంటికి కనిపించనివి

ఈసీలో ఏ లావాదేవీ లేకపోతే 'నిల్' అని వస్తుంది. చాలామంది దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంటారు. రిజిస్టరైన దస్తావేజు దొరకలేదన్నంత వరకే దాని అర్థం. తండ్రి చనిపోగానే పిల్లలకు వచ్చే వారసత్వ హక్కుకు దస్తావేజు ఉండదు. వీలునామాను రిజిస్టరు చేయించాలన్న నిర్బంధం లేదు. అసలు దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు రిజిస్టరు పుస్తకంలోకి ఎక్కకపోవచ్చు. (ఇలాంటి తాకట్లను నమోదు చేయడానికి 'సెర్సాయ్' అనే కేంద్ర సంస్థ 2011లో పని మొదలుపెట్టింది.) కోర్టులో నడుస్తున్న దావా, పాలివారి మధ్య నోటిమాటగా జరిగిన పంపకం, తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా, ఇవేవీ ఈసీకి తెలియవు.

ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఒక దస్తావేజులో 112/1ఎ అనీ, మరోదానిలో 112-1-ఎ అనీ, ఇంకోదానిలో ఉత్త 112 అనీ ఉంటే అవి ఒకే చెక్క అని దానంతట దానికి తెలియదు. ఆ ఊరి ఇండెక్సులు ఏళ్ళ తరబడి తిప్పిన గుమాస్తా చూపుకు అది అందేది. పేర్ల సంగతీ అంతే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. హిందీ ప్రాంతాల్లో వెనుక వస్తుంది. బిలాస్‌పూర్‌లో నాగరి లిపిలో 'రావు' అన్నదే ఇంటిపేరుగా నమోదైన మనిషి, సొంత ఊరి రికార్డులో అసలు ఇంటిపేరుతో ఉంటే, ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవడానికి అఫిడవిట్ల వెంట తిరగాలి.

ఓడల లెక్క భూమికి పనికివచ్చింది

హక్కునే రిజిస్టరు చేసే పద్ధతి ఎక్కడైనా ఉందా? ఉంది. దానికి కంప్యూటర్ అవసరం కూడా కాలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ రిచర్డ్ టోరెన్స్ అనే ఆయన అడిలైడ్ రేవులో కస్టమ్స్ అధికారిగా పనిచేశాడు. ఓడల యాజమాన్యం ఎలా నమోదవుతుందో ఆయనకు తెలుసు. ఒక్కో ఓడకు రిజిస్టరులో ఒక పేజీ ఉంటుంది, యజమాని మారితే ఆ పేజీలోనే మార్పు జరుగుతుంది. ఆ పేజీలో ఉన్న పేరే యజమాని. భూమికీ ఇదే పద్ధతి ఎందుకు పెట్టకూడదన్నది ఆయన ఆలోచన. ఉల్‌రిష్ హ్యూబె అనే జర్మన్ న్యాయవాది హాంబర్గ్ పట్టణపు అనుభవాన్ని జోడించాడు. రియల్ ప్రాపర్టీ చట్టం 1858 జూలై 1న అమలులోకి వచ్చింది.

ఈ పద్ధతిలో ఒక్కో భూఖండానికి ఒక్కో పేజీ. ఆ పేజీ మీద పేరు ఎక్కడమే హక్కు. వెనుకటి గొలుసు వెతకనక్కరలేదు. రిజిస్టరులోని తప్పు వల్ల నిజమైన హక్కుదారు నష్టపోతే ప్రభుత్వమే నిధి నుంచి పరిహారం ఇస్తుంది. ఆ పూచీయే ఈ పద్ధతికి ఆయువుపట్టు.

దీనికి మరో ముఖం కూడా ఉంది. వలస ప్రభుత్వం భూమిని ఖాళీ పలకగా భావించి మొదటి పేజీ తానే రాసుకుంది. అక్కడ వేల ఏళ్ళుగా ఉంటున్న ఆదివాసుల హక్కులు ఆ పేజీలోకి ఎక్కలేదు. మొదటి పేజీ రాయడం అంత సులువు కావడానికి కారణం ఆ అన్యాయమే. మనదేశంలో ఇనాములు, జమీన్లు, కౌళ్ళు, పాలివాటాలు పొరలు పొరలుగా పేరుకుపోయిన నేల మీద మొదటి పేజీ రాయడమే అసలు యుద్ధం.

హక్కు ముందే తేలిన చోట కంప్యూటర్ పని తేలికయింది. న్యూ సౌత్ వేల్స్ 1983లో టోరెన్స్ రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టి, 2021 అక్టోబరులో కాగితపు హక్కుపత్రాలను పూర్తిగా రద్దు చేసింది. ఇంగ్లండు 1862లో హక్కుల రిజిస్ట్రేషన్ మొదలుపెడితే, అది దేశమంతటా నిర్బంధం కావడానికి 1990 డిసెంబరు దాకా పట్టింది. ఆ తర్వాత కూడా, అమ్మకం దస్తావేజునే ఎలక్ట్రానిక్‌గా మార్చే పనిని 2011లో ఆపివేసింది.

తెలుగు నేల మీద రెండు ప్రయోగాలు

మనదేశంలో భూ రికార్డుల కంప్యూటరీకరణను 1988-89లో ఎనిమిది జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. వాటిలో రంగారెడ్డి జిల్లా ఒకటి. దాదాపు అదే సమయంలో, 1989లో, ప్రణాళికా సంఘం నియమించిన డి.సి. వాధ్వా ప్రభుత్వ పూచీ గల హక్కుల పద్ధతికి మారాలని నివేదిక ఇచ్చారు. ఒకటి యంత్రం దారి, మరొకటి చట్టం దారి. యంత్రం దారిలోనే మనం చాలా దూరం నడిచాం.

తెలంగాణలో 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. వ్యవసాయ భూమికి తహశీల్దారే రిజిస్ట్రేషన్ చేసి, అక్కడికక్కడే పట్టాదారు పేరు మార్చేస్తారు. రిజిస్ట్రేషన్, రెవెన్యూ అనే రెండు ఆఫీసుల మధ్య తిరుగుడు తప్పింది. ఇది నిజమైన మేలు. కానీ ప్రక్షాళనలో పేరు తప్పుగా పడినవారి మాటేమిటి? రెవెన్యూ అధికారుల ముందు అప్పీలు చేసుకునే దారిని 2020 చట్టం మూసివేసింది. సాదాబైనామాల క్రమబద్ధీకరణ కోసం అందిన సుమారు 9 లక్షల దరఖాస్తులు నిలిచిపోయాయి. కంప్యూటర్ తెర మీద లేని రైతు పొలంలో ఉన్నా లేనట్లే అయ్యాడు. అప్పీళ్ళకు మళ్ళీ దారి తెరుస్తూ భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ చట్టం దారి పట్టింది. 2020 డిసెంబరులో కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే ప్రారంభమైంది. 2023 అక్టోబరు 31న ల్యాండ్ టైటిలింగ్ చట్టం అమలులోకి వచ్చింది. రిజిస్టరులో ఎక్కిన హక్కును రెండేళ్ళలోగా ఎవరూ సవాలు చేయకపోతే అదే తిరుగులేని హక్కవుతుంది. వివాదాలు సివిల్ కోర్టుల పరిధిలో ఉండవు. న్యాయవాదులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. రెండేళ్ళ గడువు ఊరు విడిచి బిలాస్‌పూర్ వంటి చోట బతుకుతున్నవారికి తెలిసేలోపే దాటిపోవచ్చు కదా? 2024లో ఆ చట్టం రద్దయింది. దాని లక్ష్యం తప్పని నేననను. ప్రజలకు నమ్మకం కలిగించే విచారణ ముందు జరగలేదు.

తీగకు ఇవతల

ఛత్తీస్‌గఢ్‌లో ఖతౌనీని బి-1 అనీ, ఖస్రాను పి-2 అనీ అంటారు. వీటిని 'భుఇయాఁ' పోర్టల్‌లో చూడవచ్చు. బిలాస్‌పూర్‌లో స్థలం రిజిస్టరయ్యాక నామాంతరణ్ కోసం మళ్ళీ తహశీల్ కార్యాలయం చుట్టూ, పట్వారీ చుట్టూ తిరగడం కొనేవారికి తప్పేది కాదు. 2025లో ఆ రాష్ట్రం నిబంధనలు మార్చి, రిజిస్ట్రేషన్‌తోనే పేరు మారేలా ఆ అధికారాన్ని రిజిస్ట్రేషన్ అధికారులకు ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో 1908 చట్టం స్థానంలో కొత్త రిజిస్ట్రేషన్ బిల్లు ముసాయిదాను కేంద్రం ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. దస్తావేజులను ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి అందులో వీలు ఉంది.

తార్‌బహార్‌లో ఉంటున్న తెలుగు కుటుంబం తాతగారు సొంత ఊళ్ళో కొన్న పొలం వివరాలు ఇప్పుడు ఫోనులోనే వెతకవచ్చు. జిల్లా, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం, గ్రామం, సర్వే నంబరు ఇస్తే చాలు, 1983 నుంచి జరిగినవన్నీ వరుసగా వస్తాయి. తాతగారు కొన్నది 1974లో అయితే ఆ దస్తావేజు అందులో కనిపించదు. రైలెక్కి ఆ ఊరి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళి, 1974 నాటి 2వ ఇండెక్సు తీయించి, పేజీలు తిప్పించి చూసుకోవాలి.